చూపు పోయిన సంపాదకుడు



జనవరి నెల ఆఖరి ఆదివారాన్ని ప్రపంచమంతటా కుష్ఠు దినంగా ఆచరిస్తారు. 1954లో ఈ ఆచారం మొదలైంది. ఆ రోజు మన సంఘాల్లో చాలాచోట్ల ప్రత్యేక ప్రార్థన చేస్తారు, కానుకలు పోగుచేస్తారు. ప్రసంగంలో మొలొకాయ్ దీవికి వెళ్లి అక్కడే కన్నుమూసిన ఫాదర్ డేమియన్ గురించో, వేలూరు డాక్టర్ పాల్ బ్రాండ్ గురించో, మన డిచ్‌పల్లిలో ఆస్పత్రి నెలకొల్పిన డాక్టర్ ఇసబెల్ కెర్ గురించో చెబుతారు. చెప్పవలసిందే. వారి జీవితాలు మన సంఘానికి ఆస్తి.

అయితే వీరందరూ సేవ చేసినవారు. సేవ పొందినవారిలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? ఆ వ్యాధిని ఒంటి మీద మోసి, దాని వల్ల చూపు కూడా పోగొట్టుకుని, అయినా తన మాట తానే చెప్పుకున్న మనిషిని మన వేదికల మీద తలచుకోవడం అరుదు. అందుకే ఈ వారం అలాంటి ఒకరి జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు స్టాన్లీ స్టైన్. అమెరికాలో ఒక పత్రికకు సంపాదకుడు. ఆ పత్రికను ఎక్కువ కాలం కళ్లు లేకుండానే నడిపాడు.

ఆయన అసలు పేరు సిడ్నీ మారిస్ లెవిసన్. 1899లో టెక్సాస్ రాష్ట్రంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఫార్మసీ చదివాడు, మందుల దుకాణంలో పనిచేశాడు. నాటకాలంటే ప్రాణం. స్నేహితులు, సరదాలు, ముందున్న బతుకు గురించి కలలు, అన్నీ ఉన్న పట్నపు యువకుడు. ఇరవై ఏళ్లు దాటిన కొద్దికాలానికే ఒంటి మీద మచ్చలు కనబడ్డాయి. అది కుష్ఠు అని తేలింది. మందులు అమ్మేవాడికి తన రోగానికి మందు లేదన్న సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కొన్నేళ్లపాటు ఎవరికీ తెలియకుండా చికిత్స తీసుకున్నాడు. ఎంతకాలం దాచగలడు? 1931లో, ముప్ఫై ఒకటో ఏట, లూసియానా రాష్ట్రంలోని కార్విల్ ఆస్పత్రికి చేరాడు.

ఆ చోటు గురించి కొంత చెప్పాలి. మిసిసిప్పి నది ఒడ్డున, ఊళ్లకు దూరంగా, పాడుబడిన ఒక చెరకు తోట అది. 1894లో మొదటి రోగులను న్యూ ఆర్లియన్స్ నుంచి బొగ్గు మోసే పడవలో, రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా అక్కడికి తరలించారు. రెండేళ్ల తర్వాత సెయింట్ విన్సెంట్ డి పాల్ సభకు చెందిన కేథలిక్ సిస్టర్లు వచ్చి వారికి నర్సులయ్యారు. ఎవరూ ముట్టని ఒళ్లను ముట్టుకుని కట్లు కట్టింది ఆ సిస్టర్లే. 1921లో ఆస్పత్రి కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లో దాని పేరు 66వ నంబరు మెరైన్ ఆస్పత్రి.

పేరుకు ఆస్పత్రే గానీ చుట్టూ ముళ్ల కంచె ఉండేది. లోపలికి వచ్చినవారు తమంతట తాము బయటికి పోవడానికి వీలులేదు. పారిపోయి దొరికితే జైలు. రోగులకు ఓటు లేదు. వారు రాసిన ఉత్తరాలను క్రిములు చంపే పెట్టెలో పెట్టి కాచిన తర్వాతే బయటికి పంపేవారు. ఇక గేటు దాటగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న పేరు గురించి. ఇంటివారి పరువు కాపాడడానికి చాలామంది రోగులు సొంత పేరు వదిలి కొత్త పేరు పెట్టుకునేవారు. సిడ్నీ లెవిసన్ అలాగే స్టాన్లీ స్టైన్ అయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరును గేటు దగ్గర వదిలేసి లోపలికి నడిచాడు.

లోపల ఆయన మొదట చూసింది రోగాన్ని కాదు, నిరాశను. రోజంతా కుర్చీల్లో కూర్చుని చావు కోసం కాచుకున్నవారిని చూశాడు. కొద్ది వారాల్లోనే ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. సైక్లోస్టైల్ మీద తీసిన కొన్ని కాగితాలు, అంతే. ఆస్పత్రి నంబరును బట్టి దానికి సిక్స్టీ సిక్స్ స్టార్ అని పేరు పెట్టారు. రోగులతో నాటకాలు వేయించాడు. పత్రికలో ఆస్పత్రి కబుర్లు, హాస్యం, ఆటల వార్తలు ఉండేవి. వాటితో పాటు వ్యాధి గురించి వైద్యులు చెప్పిన నిజాలు కూడా నెమ్మదిగా చోటు చేసుకున్నాయి. 1934లో ఆ పత్రిక ఆగిపోయింది.

అప్పటికే ఆయన కళ్లు మసకబారుతున్నాయి.

కుష్ఠు అనగానే మనకు వేళ్లు, పాదాలు గుర్తుకొస్తాయి. కళ్లు గుర్తుకు రావు. కానీ ఈ వ్యాధిలో మనిషిని ఎక్కువగా కుంగదీసేది చూపు పోవడమే. ఎలా పోతుందో తెలుసుకుంటే ఎలా కాపాడుకోవాలో తెలుస్తుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

కుష్ఠు క్రిమి శరీరంలో చల్లగా ఉండే భాగాలను వెతుక్కుంటుంది. చర్మం, ముక్కు, చేతులు, పాదాలు, కంటి ముందు భాగం అలాంటివి. కంటికి హాని మూడు దారుల్లో జరుగుతుంది. మొదటిది, రెప్పలను మూసే నరం దెబ్బతినడం. అప్పుడు నిద్రలో కూడా కన్ను పూర్తిగా మూతపడదు. నల్లగుడ్డు మీది పలుచని పొర ఎండిపోతుంది. రెండోది, కంటికి స్పర్శ ఇచ్చే నరం దెబ్బతినడం. మనకైతే కంట్లో నలుసు పడితే క్షణం ఓర్చుకోలేం. వీరికి ఇసుక పడ్డా తెలియదు, గీరుకున్నా తెలియదు. పుండు పడి, అది మానాక మచ్చ మిగిలి, చూపు పోతుంది. ఒకే కంటికి ఈ రెండూ జరిగితే ముప్పు రెట్టింపు. మూడోది, కంటి లోపల వచ్చే వాపు. కొందరికి అది ఎర్రబడి, నొప్పితో, వెలుతురు చూడలేనట్టుగా వస్తుంది. మరికొందరికి చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి సాగి, కనుపాపను సూది మొనంత చేసి, లోపల శుక్లం కట్టిస్తుంది.

దేవుడు మనకిచ్చిన నొప్పి ఎంత గొప్ప కాపలాదారో ఈ వ్యాధి చూపిస్తుంది. రోజూ వేలసార్లు తెలియకుండానే రెప్ప వాలుస్తున్నామే, ఆ చిన్న పని కోసం దేవునికి స్తోత్రం చెప్పినవారు మనలో ఎందరు?

స్టైన్ కాలంలో కార్విల్‌లో ఉన్న మందు చాల్‌మూగ్రా నూనె. మన దేశం నుంచి, ఆసియా అడవుల నుంచి వెళ్లిన గింజల నూనె అది. తాగితే కడుపులో తిప్పేది, సూదితో ఎక్కిస్తే పుండ్లు పడేవి. ఆ నూనె ఆయన కళ్లను కాపాడలేకపోయింది. 1930ల చివరి నాటికి చూపు పూర్తిగా పోయింది. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

మామూలుగా చూపు పోయినవారికి బ్రెయిలీ ఒక ఆసరా. వేలి కొసలతో చదువుకుంటారు. కుష్ఠు వల్ల చూపు పోయినవారిలో చాలామందికి ఆ ఆసరా కూడా ఉండదు, ఎందుకంటే వేలి కొసల స్పర్శ అప్పటికే పోయి ఉంటుంది. కర్ర పట్టుకున్నా పట్టు తెలియదు. తడిమి చూసుకుందామంటే వేడి తెలియదు, పదును తెలియదు. ఇతర అంధులకు చేతులు కళ్లవుతాయి. వీరికి చేతులకే మరొకరి కళ్లు కావాలి. ఈ మాట మన ఆస్పత్రుల్లో పనిచేసేవారికి బాగా తెలుసు.

1941 కార్విల్‌లో మరచిపోలేని సంవత్సరం. డాక్టర్ గై ఫాగెట్ ప్రోమిన్ అనే మందును అక్కడ వాడడం మొదలుపెట్టాడు. సల్ఫోన్ జాతి మందుల్లో ఇది కుష్ఠు మీద మొదటిసారి పనిచేసింది. పుండ్లు మానడం, మూసుకుపోయిన గొంతులు తెరుచుకోవడం రోగులు కళ్లారా చూశారు. ఈ కుటుంబం నుంచే డాప్సోన్ మందు వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే చెంగల్పట్టులో డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ మన దేశపు రోగులకు దాన్ని వాడాడు. స్టైన్‌కు కూడా కొత్త మందులు మేలు చేశాయి. కానీ కళ్లకు ఆలస్యమైపోయింది. నాలుగైదేళ్ల తేడాలో ఒక మనిషి చూపు నిలవడమా, పోవడమా తేలిపోయింది.

ఈ స్థితిలో ఎవరైనా ఏం చేస్తారు? దేవుడిని నిందించవచ్చు, గోడ వైపు తిరిగి పడుకోవచ్చు. స్టైన్ మళ్లీ పత్రిక మొదలుపెట్టాడు. అదే 1941లో, ఈసారి స్టార్ అన్న పేరుతో. పత్రిక ఉద్దేశం ఒక్కటే, ఈ వ్యాధి గురించి నిజాన్ని వెలుగులోకి తేవడం. ఇతరులు ఉత్తరాలు, వార్తలు చదివి వినిపించేవారు. ఆయన విని, గుర్తుపెట్టుకుని, జవాబులు చెప్పి రాయించేవాడు. అచ్చు పని రోగులదే. మాజీ సైనికుల సంఘం ఒకటి అండగా నిలిచింది. టాలులా బ్యాంక్‌హెడ్ అనే పేరున్న నటి ఆయనకు స్నేహితురాలై పత్రికకు చందాదారులను కూడగట్టింది. కంచె లోపల ఉన్న చూపు లేని మనిషి పత్రిక క్రమంగా ఎన్నో దేశాలకు వెళ్లింది.

ఆయన పోరాటాలు చిన్నవి కావు. రోగులకు ఓటు కావాలన్నాడు. 1946లో వచ్చింది. కాలక్రమంలో ముళ్ల కంచె పోయింది. ఉత్తరాలు కాచే పద్ధతి అర్థం లేనిదని వాదించాడు. అన్నిటికన్నా పట్టుదలగా పోరాడింది ఒక మాట మీద. ఇంగ్లిషులో కుష్ఠరోగిని పిలిచే పాత మాటను పూర్తిగా మానేయాలని కోరాడు. ఎందుకంటే ఆ మాట రోగం పేరు కాదు, వెలివేతకు మారుపేరు. మిగతా రోగాలు మనిషికి వస్తాయి. ఈ ఒక్క రోగంలోనే మనిషి మీది నుంచి మనిషి పేరు తీసేసి రోగం పేరు పెడతారు. క్రిమిని 1873లో కనుగొన్న నార్వే వైద్యుని పేరు మీద దీన్ని హాన్సెన్ వ్యాధి అనాలని స్టార్ పత్రిక విడవకుండా అడిగింది. ఏ పత్రిక, ఏ వేదిక ఆ పాత మాట వాడినా అక్కడికి ఉత్తరం రాసేవాడు.

1948లో హవానాలో జరిగిన అంతర్జాతీయ కుష్ఠు మహాసభ ఆ మాటను విడిచిపెట్టాలని తీర్మానించింది. మన దేశంలో 1874 నుంచి పనిచేస్తున్న మిషన్ కూడా 1965లో తన పేరులోంచి ఆ మాటను తీసేసి లెప్రసీ మిషన్‌గా మారింది. ఇదంతా ఒక్క మనిషి వల్ల జరిగిందని అనలేం. కానీ ఆ మార్పు కోసం అలసిపోకుండా మాట్లాడినవారిలో ఆయన ముందువరసలో ఉన్నాడు.

1963లో తన జీవితకథను పుస్తకంగా తెచ్చాడు. ఇక తాను ఒంటరిని కాదన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1967లో కన్నుమూశాడు. అంతకు ఏడాది ముందే, 1966లో, వేలూరు నుంచి పాల్ బ్రాండ్, ఆయన భార్య మార్గరెట్ బ్రాండ్ కార్విల్‌కు పనికి వెళ్లారు. మార్గరెట్ వేలూరులోనూ కరిగిరిలోనూ కుష్ఠు బాధితుల కళ్లకు చికిత్స చేసిన వైద్యురాలు. గుర్తుపెట్టుకుని రెప్ప వాల్చడం నేర్పితే, వాపును మొదట్లోనే అణచితే, చూపు నిలుస్తుందని రోగుల మధ్య పనిచేసి చూపించింది. పాల్ బ్రాండ్ నమిలే కండరంలో ఒక భాగాన్ని రెప్పలకు కలిపే శస్త్రచికిత్స చేసేవాడు. దాని తర్వాత రోగి నమిలినట్టు దవడ కదిపితే కన్ను మూతపడుతుంది. స్టైన్‌కు దక్కనిది తర్వాతివారికి దక్కింది. ఆ జ్ఞానంలో కొంత మన ప్రాంతపు పేదల కళ్ల దగ్గరే పుట్టింది. వేలూరు ఆస్పత్రి మెట్లెక్కినవారిలో మన చిత్తూరు జిల్లా వారూ ఉన్నారు కదా.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. స్టైన్ యూదుడు. ఆయనను మన కోసం క్రైస్తవుడిగా మార్చి చెప్పడం నిజాయితీ కాదు. మనకు ఆయన సాక్ష్యం మరో విధంగా కావాలి. మన మాటలు విన్నవైపు నుంచి, మన ప్రసంగాలు తాకినవైపు నుంచి మాట్లాడిన సాక్షి ఆయన.

ఇక మన సంగతి. మన ప్రసంగాల్లో, పాటల్లో పాపానికి కుష్ఠును పోలికగా చెప్పడం ఎంత మామూలో మీకు తెలుసు. వినేవారిలో ఆ వ్యాధి వచ్చి నయమైన తల్లి ఒకామె చివరి వరుసలో కొంగు కప్పుకుని కూర్చుని ఉంటే, ఆమెకు ఆ పోలిక ఎలా వినబడుతుంది? లేవీయకాండము 13, 14 అధ్యాయాలు జాగ్రత్తగా చదవండి. అక్కడ బట్టలకు వచ్చే దాన్నీ, ఇంటి గోడలకు వచ్చే దాన్నీ కూడా అదే పేరుతో చెప్పారు. హాన్సెన్ వ్యాధి బట్టకు రాదు, గోడకు రాదు. ఆ హెబ్రీ మాట చాలా విశాలమైనది. అనేక చర్మవ్యాధులనూ, బూజునూ, మచ్చలనూ కలిపి చెప్పే ఆచారశుద్ధి మాట అది. ఈనాటి వైద్యులు కుష్ఠు అనే వ్యాధితో దాన్ని ఒకటి చేసి, ఆ వ్యాధి ఉన్న మనిషిని పాపానికి బొమ్మగా నిలబెట్టడం వాక్యాన్ని సరిగా విభజించడం కాదు. లేఖనంలోని మాటను మార్చమనడం లేదు. చదివినప్పుడు వివరించమంటున్నాను. పోలిక కావలసివస్తే వేరే పోలిక వెతుక్కోమంటున్నాను.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుకతో చూపులేనివాడిని చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో తన దగ్గరికి వచ్చిన కుష్ఠు బాధితుని ముందు తాకాడు, తర్వాతే స్వస్థపరచాడు. మన వరుస తరచూ తలకిందులుగా ఉంటుంది. ముందు బాగుపడి రమ్మంటాం, తర్వాత చూద్దామంటాం.

మాట నుంచే చట్టం కూడా పుడుతుంది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠును విడాకులకు కారణంగా చూపవచ్చన్న నిబంధన 2019 వరకూ ఉంది. మందు దొరికి, నయమవుతుందని రుజువై దశాబ్దాలు గడిచాక కూడా అది మన చట్టంలో నిలిచింది. హిందువుల, ముస్లింల చట్టాల్లోనూ ఉంది. పార్లమెంటు 2019లో అన్నిటిలోంచి తీసివేసింది. చట్టంలోంచి పోయింది సరే. పెళ్లి సంబంధాలు మాట్లాడే చోట, ప్రభు బల్ల దగ్గర పాత్ర అందుకునే చోట పోయిందా?

ప్రపంచంలో ఏటా కొత్తగా కనుగొంటున్న కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. మూడు మందులు కలిసిన ఎం.డి.టి. చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలో, సంవత్సరమో వాడాలి. అది క్రిమిని చంపుతుంది. కానీ నరాల్లో, కంట్లో వాపు చికిత్స జరుగుతుండగానూ, ముగిసిన తర్వాత కూడా రావచ్చు. అందుకే నయమైపోయిందని కంటిని మరచిపోకూడదు.

సంఘ కాపరులు, పెద్దలు, స్త్రీల సమాజం వారు ఇళ్లు దర్శించేటప్పుడు ఈ గుర్తులు గమనించండి. స్పర్శ లేని మచ్చ, ముఖ్యంగా ముఖం మీద, కంటి చుట్టూ. కనుబొమలు రాలిపోవడం. నిద్రలో కన్ను తెరిచే ఉండడం. మెల్లగా కళ్లు మూసుకోమంటే తెల్లగుడ్డు కనబడడం. కన్ను ఎర్రబడడం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం. వీటిలో ఏది కనబడినా ఆశా కార్యకర్తకు చెప్పి ఆస్పత్రికి తీసుకువెళ్లండి. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపు స్టెరాయిడ్ చికిత్స మొదలైతే అది కోలుకునే అవకాశం ఉంది. అయితే ఆ మందు వైద్యుని చేతి మీదుగానే జరగాలి, దుకాణంలో కొని వేసుకునేది కాదు. ఇప్పటికే రెప్ప మూతపడనివారు రోజూ అద్దంలో కళ్లు చూసుకోవాలి, గుర్తుచేసుకుని రెప్ప వాలుస్తుండాలి, ఎండలో కళ్లజోడు పెట్టుకోవాలి, రాత్రి శుభ్రమైన గుడ్డ కప్పుకోవాలి. శుక్లాలుంటే, వాపు అణిగాక, వీరికి కూడా ఆపరేషన్ చేస్తారు. కుష్ఠు వచ్చినవాళ్లకు కంటి ఆపరేషన్ కుదరదని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రార్థన మానమని అనడం లేదు. ప్రార్థించి ఆస్పత్రికి తీసుకువెళ్లండి. స్వస్థత సభలో వారం, నాటు మందులో మరో నెల గడిచేసరికి కన్ను ఆగదు.

రాబోయే కుష్ఠు దినాన మీ సంఘంలో కానుక పోగుచేయండి. డిచ్‌పల్లి, సాలూరు వంటి చోట్ల మన మిషన్ ఆస్పత్రులు దీర్ఘకాలం చేసిన సేవను తలచుకోండి. దానితో పాటు మరొక పని చేయండి. ఆ వ్యాధి వచ్చినవారిలో ఒకరిని, వారికి ఇష్టమైతే, వేదిక మీదికి పిలవండి. వారి గురించి మీరు చెప్పకండి. వారినే చెప్పనివ్వండి. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు చుట్టూ ఉన్నవారు ఊరుకోమని గద్దించారు. ప్రభువు మాత్రం ఆగి, పిలిపించి, ఏం కావాలో అతని నోటనే అడిగాడు. చూపు రావడానికి ముందు అతనికి దక్కింది ఆ ప్రశ్న.

స్టాన్లీ స్టైన్‌కు చూపు తిరిగి రాలేదు. కానీ మాట్లాడే హక్కును ఎవరికీ వదులుకోలేదు. మన మధ్య ఉన్న ఆయన లాంటివారి కళ్లను కాపాడడానికి ఇప్పుడు మందు ఉంది. వారి మాట వినడానికి మందు అక్కరలేదు.